జన్యు సిండ్రోమ్‌లు, ఆటిజం లక్షణాలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాజైల్ ఎక్స్, రెట్, యాంజెల్మన్, డౌన్... జన్యువుల్లో మార్పు వల్ల వచ్చే ఇలాంటి సిండ్రోమ్‌లున్న పిల్లల్లో చాలామందికి ఆటిజం లక్షణాలు కూడా కనిపిస్తాయి. రిపోర్టు చేతికొచ్చిన రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతుక్కునేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికే వెళ్లండి. ఒక్క విషయం ముందే చెప్పేస్తాను. "ఆటిజం లక్షణాలు" అనే మాటను నేను కాస్త అనుమానంగానే చూస్తాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మా బాబుకు సిండ్రోమ్ ఉందని ముందే చెప్పారు. ఇప్పుడు ఆటిజం కూడా అంటున్నారు. ఇవి రెండా, ఒకటేనా?

రెండూ రెండు రకాల పేర్లు. సిండ్రోమ్ పేరు డీఎన్‌ఏ చూసి పెడతారు, ఆటిజం పేరు ప్రవర్తన చూసి పెడతారు. ఆటిజానికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. నలుగురితో కలవడంలో, మాటల్లో, సైగల్లో ఇబ్బంది ఉండాలి. దాంతోపాటు చేసిందే మళ్లీ మళ్లీ చెయ్యడం, చిన్న మార్పుకే తల్లడిల్లిపోవడం, శబ్దానికో స్పర్శకో అతిగా స్పందించడం, లేదంటే అసలు స్పందించకపోవడం లాంటివి ఉండాలి. ఇవి చిన్నతనం నుంచే ఉండి రోజువారీ జీవితానికి అడ్డొస్తుంటే ఆటిజం అంటారు. కారణం ఏమిటన్నది ఆ పేరులో ఎక్కడా లేదు.

థర్మామీటర్ జ్వరం ఎంతుందో చెప్తుంది కానీ, అది మలేరియానా టైఫాయిడా అన్నది చెప్పదు. ఆటిజం ప్రశ్నావళి కూడా అంతే. కాబట్టి మీ బాబుకు రెండు పేర్లూ ఉండటంలో వింతేమీ లేదు. ఒకటి "ఎందుకు" అన్నదానికి జవాబు, రెండోది "ఎలా ఉన్నాడు" అన్నదానికి జవాబు.

ఆటిజానికి జన్యువులతో సంబంధం ఉందని ఎప్పుడు తేలింది?

పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వివరించింది 1943లో. ఇది పుట్టుకతో వచ్చేదే అయ్యుండాలని ఆయన ఆ వ్యాసంలోనే అన్నాడు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే ఇలా అవుతుందని తల్లుల్నే నిందించారు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రట్టర్ 21 జంటల కవలల్ని పరిశీలించారు. ఒకే పోలికతో పుట్టిన 11 జంటల్లో 4 జంటలకు ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరే పోలికతో పుట్టిన 10 జంటల్లో అలా ఒక్క జంట కూడా లేదు. చిన్న అధ్యయనమే కానీ, తల్లుల మీద వేసిన నింద అక్కడినుంచే వీగిపోవడం మొదలైంది.

విచిత్రమేమిటంటే, ఒక కుటుంబంలో తరతరాలుగా మగపిల్లలకే మేధోవైకల్యం వస్తోందని మార్టిన్, బెల్ అనే ఇద్దరు రాసింది కూడా అదే 1943లో. తర్వాత తేలింది, అది ఫ్రాజైల్ ఎక్స్ అని.

ఏ సిండ్రోమ్‌లో ఎంతమందికి ఆటిజం లక్షణాలు ఉంటాయి?

అంతవరకూ వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. అందులో రెట్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్లల్లో 61 శాతం, కార్నేలియా డి లాంగే సిండ్రోమ్‌లో 43 శాతం, ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో 36 శాతం, యాంజెల్మన్‌లో 34 శాతం, ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న మగపిల్లల్లో 30 శాతం, డౌన్ సిండ్రోమ్‌లో 16 శాతం, విలియమ్స్‌లో 12 శాతం, 22క్యూ11.2 డిలీషన్‌లో (22వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోవడం) 11 శాతం అని వచ్చింది. మామూలు జనాభాలో ఇది దాదాపు ఒక శాతం.

ఈ అంకెలు చూసి మీ పాప ఏ శాతంలో పడుతుందా అని టెన్షన్ పడకండి. ఏ ప్రశ్నావళి వాడారు, పిల్లల వయసెంత, మేధోవైకల్యం ఎంత అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఒకే సిండ్రోమ్ మీద రెండు అధ్యయనాలు చదివితే ఒకదాంట్లో ఉన్న శాతానికి రెండోదాంట్లో రెట్టింపు కనిపించడం మామూలే. ఇక్కడ నమ్మదగింది ఒక్కటే: ఈ పిల్లల్లో ఆటిజం లక్షణాలు మామూలు జనాభాలో కంటే చాలా ఎక్కువ. అయితే ఏ సిండ్రోమ్‌లోనూ నూటికి నూరుమందికి రావు. ఒకే జన్యుమార్పు ఉన్న ఇద్దరిలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి కారణం ఏమిటన్నదే ఈ రంగంలో ఇప్పటికీ పెద్ద ప్రశ్న.

మా వాడికి ఫ్రాజైల్ ఎక్స్. కళ్లలోకి అసలు చూడడు, చేతులు రెపరెపలాడిస్తాడు. కానీ ఇంటికి ఎవరొచ్చినా సంబరపడిపోతాడు. ఇది ఆటిజమేనా?

ఈ ఒక్క ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. అందుకే కొంచెం విడమరచి చెప్తాను.

ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎఫ్‌ఎంఆర్1 అనే జన్యువు ఉంది. దాన్ని 1991లో కనిపెట్టారు. దాని మొదట్లో సీజీజీ అనే మూడక్షరాల ముక్క వరసగా కొన్నిసార్లు వస్తుంది. మామూలుగా 44 సార్ల లోపే. 55 నుంచి 200 దాకా ఉంటే ప్రీమ్యుటేషన్ అంటారు. 200 దాటితే జన్యువు మూతపడిపోతుంది, ఎఫ్‌ఎంఆర్‌పీ అనే ప్రోటీన్ తయారు కాదు. మెదడులో నరకణాలు ఒకదాన్నొకటి కలిసే చోట ప్రోటీన్ల తయారీకి బ్రేకు వేసేది ఈ ఎఫ్‌ఎంఆర్‌పీనే. బ్రేకు లేకపోతే తయారీ అదుపు తప్పుతుంది.

ఇక ప్రవర్తన సంగతి. ఫ్రాజైల్ ఎక్స్ పిల్లల్లో చాలామంది మనుషులు అక్కర్లేక కళ్లు తిప్పుకోరు. మనుషులు కావాలి, కానీ ఎదురుపడగానే ఒంట్లో అలజడి పెరిగిపోతుంది. షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు చెయ్యి ముందుకు చాపుతూనే ఒళ్లూ మొహమూ పక్కకు తిప్పేస్తారు. పరిశోధకులు దీనికి ఫ్రాజైల్ ఎక్స్ షేక్‌హ్యాండ్ అని పేరే పెట్టేశారు. చెయ్యి రమ్మంటోంది, మొహం వద్దంటోంది. ప్రశ్నావళిలో "కళ్లలోకి చూడడు" అన్న గడిలో టిక్ పడుతుంది. సిండ్రోమ్ లేని ఆటిజం ఉన్న ఇంకో పిల్లవాడికీ అదే టిక్ పడుతుంది. కానీ ఆ పిల్లవాడు అవతలి మనిషి మొహంలో ఏదో సమాచారం ఉందని గమనించకపోవడం వల్ల చూడకపోవచ్చు. టిక్ ఒకటే, కారణాలు రెండు.

దీనివల్ల ఇంట్లో ఏం మారుతుంది? "నా కళ్లలోకి చూసి మాట్లాడు" అని పట్టుబట్టడం ఫ్రాజైల్ ఎక్స్ పిల్లల విషయంలో ఎదురుతంతుంది. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఇద్దరూ కలిసి చూసే వస్తువు మధ్యలో పెట్టండి. కొత్తవాళ్లొచ్చినప్పుడు కాస్త సమయం ఇవ్వండి. కొందరు పిల్లలకు ఆ భయం తగ్గాక నలుగురితో కలిసే తీరే మారిపోతుంది. కొందరిలో భయంతో పాటు అసలైన ఆటిజం కూడా ఉంటుంది, వాళ్లకు రెండింటికీ సాయం కావాలి. మీ వాడు ఏ కోవలోకి వస్తాడో ఒక్క గంట పరీక్షలో తేల్చేస్తామని ఎవరైనా అంటే నేనైతే ఇంకో అభిప్రాయం తీసుకుంటాను.

యాంజెల్మన్ సిండ్రోమ్ ఉన్న మా పాప ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, అందరి మీదికీ వెళ్లి వాటేసుకుంటుంది. ఆటిజం ఎలా అంటారు?

మీ అనుమానం న్యాయమైనదే. చాలామంది నిపుణులకూ ఇదే అనుమానం ఉంది. యాంజెల్మన్ పిల్లల్లో మేధోవైకల్యం తీవ్రంగా ఉంటుంది, మాటలు దాదాపు రావు. ఆటిజం పరీక్షలు చాలావరకు మాట్లాడే పిల్లల్ని, కనీసం రెండేళ్ల పిల్లల స్థాయి ఎదుగుదల ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి. ఎదుగుదల ఏడాది పిల్లల స్థాయిలో ఉన్న పాప ఊహాత్మకంగా ఆడుకోవడం లేదని, తోటిపిల్లలతో స్నేహం చెయ్యడం లేదని మార్కులు తగ్గిస్తే, ఆ మార్కులు కొలిచింది ఆటిజాన్నా, ఎదుగుదలనా? పోల్చాల్సింది అదే వయసు పిల్లలతో కాదు, అదే ఎదుగుదల స్థాయిలో ఉన్నవాళ్లతో. అలా పోల్చినా యాంజెల్మన్ పిల్లల్లో కొందరు వేరుగానే కనిపిస్తారు. వాళ్లకు ఆటిజం అన్న పేరు అర్థవంతమే.

ఈ సిండ్రోమ్‌ను 1965లో వివరించింది హ్యారీ యాంజెల్మన్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టర్. ఇటలీలోని వెరోనాలో ఒక మ్యూజియంలో, నవ్వుతూ బొమ్మ పట్టుకున్న పిల్లవాడి పెయింటింగ్ చూసి, ఈ పిల్లల్ని "తోలుబొమ్మ పిల్లలు" అన్న అర్థం వచ్చే పేరుతో పిలిచాడు. ఆ పేరు తల్లిదండ్రుల మనసుకు గుచ్చుకుంది. అది పోయి ఆయన పేరే నిలిచింది, మంచిదైంది.

కారణం యూబీఈ3ఎ అనే జన్యువు. మెదడు నరకణాల్లో తల్లి నుంచి వచ్చిన కాపీ ఒక్కటే పనిచేస్తుంది, తండ్రి కాపీ నిద్రపోతూ ఉంటుంది. తల్లి కాపీ లేకపోతే యాంజెల్మన్ వస్తుంది. అదే క్రోమోజోమ్‌లో అదే చోట తండ్రి వైపు ముక్క పోతే వచ్చేది పూర్తిగా వేరే పరిస్థితి, ప్రేడర్-విల్లి సిండ్రోమ్. నిద్రపోతున్న తండ్రి కాపీని మేల్కొలపడానికి వెన్నులోకి ఇచ్చే మందుల మీద ఇప్పుడు పిల్లల్లోనే ట్రయల్స్ జరుగుతున్నాయి.

మా పిల్లకు కార్నేలియా డి లాంగే సిండ్రోమ్. ఈమధ్య తనను తాను కొట్టుకుంటోంది. ఆటిజం వల్లే అని సరిపెట్టుకోవాలా?

వద్దు, దయచేసి వద్దు. ముందు నొప్పి ఎక్కడుందో వెతికించండి. ఈ సిండ్రోమ్ ఉన్న చాలామందికి కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నే సమస్య ఉంటుంది. మాటలు రాని పిల్ల ఛాతీ మంటను చెప్పుకునే దారి కొట్టుకోవడమే కావచ్చు. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, నిద్రలేమి కూడా చూడాలి. తిన్న తర్వాత ఎక్కువవుతోందా, పడుకోబెట్టినప్పుడా అన్నది రెండు వారాలు ఒక పుస్తకంలో రాసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పరీక్ష సగం అయిపోయినట్టే. షాంక్3 జన్యువు పోవడం వల్ల వచ్చే ఫెలాన్-మెక్‌డెర్మిడ్ సిండ్రోమ్‌లో దీనికి పూర్తిగా రివర్స్. ఆ పిల్లల్లో చాలామంది నొప్పి తెలియనట్టు ఉంటారు, ఎముక విరిగినా ఏడవకపోవచ్చు. అక్కడ ఏడుపు లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం తప్పు.

కార్నేలియా డి లాంగేలో ఇంకో సంగతి. ఇంట్లో మాట్లాడే పిల్ల బయట ఒక్క మాటా పలకకపోవడం ఈ సిండ్రోమ్‌లో తరచుగా కనిపిస్తుంది. బయట మాత్రమే చూసిన పరీక్షకుడు ఆటిజం మార్కులు ఎక్కువ వేసేస్తాడు. ఇంట్లో తీసిన చిన్న వీడియో ఫోన్‌లో ఉంచుకోండి.

రెట్ సిండ్రోమ్ ఒకప్పుడు ఆటిజం జాబితాలో ఉండేదట కదా. ఇప్పుడెందుకు తీసేశారు?

వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే డాక్టర్ దగ్గరికి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు తల్లుల ఒళ్లో కూర్చుని ఒకేలా చేతులు పిండుకుంటూ కనిపించారట. అక్కడినుంచి మొదలై 1966లో ఆయన దీని గురించి రాశాడు. 1983లో బెంగ్ట్ హాగ్‌బెర్గ్, ఆయన సహచరులు 35 మంది ఆడపిల్లల గురించి రాసేదాకా ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1999లో హుదా జోగ్బీ ప్రయోగశాల కారణాన్ని పట్టుకుంది, ఎంఈసీపీ2 అనే జన్యువు.

ఈ పిల్లలు మొదట బాగానే ఎదుగుతారు. ఏడాది, ఏడాదిన్నర ప్రాంతంలో వచ్చిన మాటలు పోతాయి, చేతుల వాడకం పోతుంది, మనుషుల నుంచి ముడుచుకుపోతారు. ఆ దశలో చూస్తే ఆటిజం అనిపిస్తుంది. తర్వాత చాలామందిలో ఆ ముడుచుకుపోవడం తగ్గి, చూపులో తీక్షణత తిరిగొస్తుంది. చెయ్యి ఆడని, మాట రాని పిల్ల కావాల్సినదాన్ని కళ్లతోనే చూపిస్తుంది. కంటిచూపుతో నడిచే కంప్యూటర్లు ఈ పిల్లలకు అంతగా పనికిరావడానికి కారణం అదే. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన 2013 నాటి వర్గీకరణలో రెట్‌ను ఆటిజం గుంపు నుంచి తీసేసింది. కారణం తెలిసిన జబ్బును లక్షణాల జాబితాలో ఉంచడం అనవసరం అనుకున్నారు. కానీ ఆటిజం లక్షణాలున్న రెట్ పిల్లకు "రెట్‌తో పాటు ఆటిజం" అని ఇప్పటికీ రాయొచ్చు. అయితే మూడేళ్లప్పుడు పెట్టిన పేరును ఎనిమిదేళ్లప్పుడు మళ్లీ చూడమని అడగండి.

డౌన్ సిండ్రోమ్ పిల్లలు అందరితో కలిసిపోతారు కదా, వాళ్లకూ ఆటిజమా?

అవును, కొంతమందికి. "డౌన్ పిల్లలు కలుపుగోలుగా ఉంటారు" అన్న నమ్మకమే వాళ్లకు ఆలస్యం చేస్తుంది. పిల్ల పలకకపోతే, పిలిస్తే తిరగకపోతే "డౌన్ కదా, అలాగే ఉంటుంది" అని ఏళ్లు గడిచిపోతాయి. వినికిడి పరీక్ష కూడా చేయించండి, ఈ పిల్లల్లో చెవి సమస్యలు ఎక్కువ.

జన్యువు ముక్క తగ్గినా ఆటిజం, ఎక్కువైనా ఆటిజం అంటున్నారు. అదెలా?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. ఏడో క్రోమోజోమ్‌లో 7క్యూ11.23 అనే చోట పాతిక పైచిలుకు జన్యువులున్న ముక్క ఒకటి పోతే విలియమ్స్ సిండ్రోమ్ వస్తుంది. ఈ పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరికి కూడా పరిగెత్తుకెళ్లి మాట కలుపుతారు. అదే ముక్క రెండింతలైతే మాటలు బాగా ఆలస్యమవుతాయి, నలుగురిలోకి వెళ్లాలంటే భయం, ఆటిజం అవకాశమూ పెరుగుతుంది. చూడటానికి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉన్నాయి. కానీ అంత తేలిక కాదు. అంత కలుపుగోలుగా ఉన్నా విలియమ్స్ పిల్లలకు స్నేహం నిలబెట్టుకోవడం రాదు, అవతలివాళ్ల ఉద్దేశం అర్థం కాదు. వాళ్లలోనూ కొందరు ఆటిజం ప్రశ్నావళిలో గీత దాటుతారు.

16వ క్రోమోజోమ్‌లో 16పీ11.2 అనే చోట ఇంకా తమాషా. ముక్క పోతే తల పెద్దదిగా, ఒళ్లు బరువుగా ఉండే అవకాశం ఎక్కువ. ముక్క రెట్టింపైతే తల చిన్నదిగా, ఒళ్లు సన్నగా ఉండే అవకాశం ఎక్కువ. ఆటిజం అవకాశం మాత్రం రెండిట్లోనూ పెరుగుతుంది.

అన్నిటికన్నా తేటగా చూపించింది 2011లో మార్క్ బేర్ ప్రయోగశాల. ఫ్రాజైల్ ఎక్స్ ఎలుకల మెదడులో ప్రోటీన్ తయారీ ఎక్కువ. ట్యూబరస్ స్క్లెరోసిస్ ఎలుకల్లో అదే రకం తయారీ తక్కువ. నేర్చుకోవడంలో ఇబ్బంది మాత్రం రెండిట్లోనూ ఉంది. రెండు మార్పులూ ఒకే ఎలుకలో కలిసేలా చేస్తే, ఒకదాన్నొకటి సరిచేసుకుని ఆ ఎలుక మామూలుగా ఉంది! ఒక ఎలుకకు మేలుచేసే మందు రెండో ఎలుకకు పనికిరాదు, అక్కడ దానికి వ్యతిరేకంగా పనిచేసే మందు కావాలి. "ఆటిజానికి మందు" అని ఎవరైనా అమ్మజూపితే నేను మొదట అడిగేది ఇదే: ఏ ఆటిజానికి?

ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో ఫిట్స్‌కీ ఆటిజానికీ సంబంధం ఉందా?

ఉంది. టీఎస్‌సీ1 గానీ టీఎస్‌సీ2 గానీ దెబ్బతింటే కణాల ఎదుగుదలను నడిపే ఎంటార్ అనే వ్యవస్థకు పగ్గం పోతుంది. మెదడులో, మూత్రపిండాల్లో, గుండెలో, చర్మంలో గడ్డలు వస్తాయి. మొదటి ఏడాదిలోనే ఫిట్స్ వచ్చి, తొందరగా అదుపులోకి రాని పిల్లల్లో ఆటిజం, మేధోవైకల్యం ఎక్కువగా కనిపిస్తాయి. పసిపిల్ల తల వంచి, చేతులు చాచి, వరసగా ఉలిక్కిపడుతుంటే కడుపునొప్పి అనుకోకుండా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

ఎంటార్‌ను అదుపుచేసే మందు కథ రాపా నుయి దీవి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవితో మొదలైంది. దాన్నించి వచ్చిందే రాపమైసిన్, ఎవరోలిమస్ దానికి దగ్గరి చుట్టం. మెదడులోని ఒక రకం గడ్డకు, తర్వాత ఫిట్స్‌కు ఎవరోలిమస్ పనిచేసింది. అయితే తెలివితేటలు, ప్రవర్తన మెరుగవుతాయా అని పిల్లల్లో ట్రయల్ చేస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరూ ఎంతో ఆశపెట్టుకున్న మందు అది.

ఎలుకల్లో నయం చేశారని పేపర్లో చదివాం. మనుషుల దాకా ఎందుకు రావడం లేదు?

ఆశ పుట్టించింది నిజంగా ఎలుకలే. 2007లో ఏడ్రియన్ బర్డ్ బృందం, రెట్ లక్షణాలు ముదిరిన ఎలుకల్లో ఎంఈసీపీ2 జన్యువును తిరిగి పనిచేయించింది. చావుకు దగ్గరపడ్డ ఎలుకలు కోలుకున్నాయి. నరకణాలు చచ్చిపోలేదు, ఆగి ఉన్నాయంతే అని దాంతో తెలిసింది.

ఫ్రాజైల్ ఎక్స్‌లోనూ అంతే ఉత్సాహం. నరకణాల మీద సంకేతాలు అందుకునే ఎంగ్లూఆర్5 అనే గ్రాహకం పనిని తగ్గిస్తే ఎలుకలు బాగుపడ్డాయి. మావోగ్లూరాంట్, బాసిమ్‌గ్లూరాంట్ అనే మందులతో పెద్ద ట్రయల్స్ జరిగాయి. వేరే దారిలో పనిచేసే ఆర్బాక్లోఫెన్ మీద కూడా. అనుకున్న ప్రధాన ఫలితం దేనికీ రాలేదు. నా ఉద్దేశంలో మందు ఒక్కటే దోషి కాదు. మొదటిది వయసు. పెద్ద ట్రయల్స్ చాలావరకు పన్నెండేళ్లు దాటినవాళ్లలో జరిగాయి, మెదడు అప్పటికే చాలావరకు రూపుకట్టేసింది. రెండోది కొలత. తల్లిదండ్రులు నింపే ప్రశ్నావళి మీద ఆధారపడితే, ఉత్తుత్తి మాత్ర వేసినా "కొంచెం మెరుగే" అని రాస్తారు. ఆశకు మార్కులు పడతాయి, తప్పుపట్టలేం. మూడోది ఎలుకే. గోలీలు మట్టిలో పూడ్చే ఎలుకను, ఒళ్లు అతిగా దువ్వుకునే ఎలుకను చూసి "ఇది ఆటిజం లాంటిదే" అంటున్నాం. పైన చెప్పిన టిక్ సమస్యే ఇక్కడా, కాకపోతే ఇంకా ముదిరి. మాట రాకపోవడం అన్నదానికి ఎలుకలో సాటి లేదు.

అంతా నిరాశ కాదు. రెట్‌కు ట్రోఫినెటైడ్ అనే మందును 2023 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది, ఈ సిండ్రోమ్‌కు అనుమతి పొందిన మొదటి మందు అదే. నయం చేసేది కాదు, కొన్ని లక్షణాలు తగ్గిస్తుంది. చాలామందికి విరేచనాలు అవుతాయి.

ఏ టెస్ట్ చేయించాలి? అన్నీ కలిపి ఒకే టెస్ట్ లేదా?

లేదు. చాలా కుటుంబాలు ఇక్కడే పొరపడతాయి. క్రోమోజోమల్ మైక్రోఅరే అనే పరీక్ష ముక్కలు పోయాయా, రెట్టింపయ్యాయా అని చూస్తుంది. 22క్యూ, 16పీ లాంటివి దాంట్లో దొరుకుతాయి. కానీ ఫ్రాజైల్ ఎక్స్ దొరకదు, ఎందుకంటే అక్కడ సమస్య అవే అక్షరాలు మళ్లీ మళ్లీ రావడం. దానికి ఎఫ్‌ఎంఆర్1 పరీక్ష విడిగా అడగాలి. యాంజెల్మన్ అనుమానం ఉంటే, తల్లి కాపీ, తండ్రి కాపీ రెండూ ఉన్నాయా అని చూసే మిథైలేషన్ పరీక్ష. ఒక్క అక్షరం మారినా పట్టుకోవాలంటే ఎక్సోమ్ సీక్వెన్సింగ్. "జన్యు పరీక్ష నార్మల్" అని రాసిన కాగితం చూసినప్పుడు ఏ పరీక్ష నార్మల్ అని అడగండి.

ఎక్సోమ్ రిపోర్టులో "ప్రాముఖ్యం తేలని మార్పు" అని ఉంటే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షిస్తే కొన్ని తేలిపోతాయి. రెండు మూడేళ్ల తర్వాత పాత డేటానే మళ్లీ చూడమంటే కొత్త జవాబు రావచ్చు, ఈలోగా కొత్త జన్యువులు బయటపడుతుంటాయి కాబట్టి. 2020లో వచ్చిన ఒక్క అధ్యయనమే ఆటిజంతో ముడిపడిన 102 జన్యువుల్ని చూపించింది.

ఇది మా వైపు నుంచి వచ్చిందా, వాళ్ల వైపు నుంచా?

ఇంట్లో గొడవ ఇక్కడే మొదలవుతుంది. చాలా సిండ్రోమ్‌లలో మార్పు ఎవరి వైపు నుంచీ రాదు, అండంలోనో వీర్యకణంలోనో కొత్తగా పుడుతుంది. రెట్, కార్నేలియా డి లాంగే దాదాపు ఎప్పుడూ ఇలాగే. ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో మూడింట రెండొంతులు కొత్తవే. అయినా తర్వాతి బిడ్డకు కొద్దిపాటి అవకాశం మిగిలే ఉంటుంది, తల్లిదండ్రుల్లో ఒకరి బీజకణాల్లో కొన్నిట్లో ఆ మార్పు దాగి ఉండొచ్చు. జన్యు కారణం దొరకని ఆటిజంలో తర్వాతి బిడ్డకు ఆటిజం వచ్చే అవకాశం దాదాపు 20 శాతం.

ఫ్రాజైల్ ఎక్స్ సంగతి వేరు. అది కుటుంబంలో నడిచేదే. ప్రీమ్యుటేషన్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు వెళ్లేటప్పుడు సీజీజీ ముక్కలు పెరిగి 200 దాటొచ్చు, దాన్నే ఫుల్ మ్యుటేషన్ అంటారు. తండ్రికి ప్రీమ్యుటేషన్ ఉంటే కూతుళ్లందరికీ వెళ్తుంది, కొడుకులకు వెళ్లదు. ప్రీమ్యుటేషన్ ఉన్న ఆడవాళ్లలో కొందరికి నెలసరి తొందరగా ఆగిపోతుంది. పెద్దవయసులో కొందరికి, ముఖ్యంగా మగవాళ్లకు, చేతులు వణకడం, నడకలో తూలడం వస్తాయి. తాతగారి వణుకుకు కారణం మనవడి రిపోర్టులో బయటపడిన కుటుంబాలున్నాయి. కాబట్టి ఇక్కడ చుట్టాలకు చెప్పడం అవసరం, మొహమాటం పనికిరాదు.

పేరు తెలిసినంత మాత్రాన ఒరిగేదేముంది? థెరపీ ఎలాగూ అదే కదా?

స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అవే కావచ్చు. కానీ ఒంట్లో చూడాల్సినవి మారిపోతాయి. విలియమ్స్ అయితే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఇరుకు, 22క్యూ11.2 అయితే గుండె లోపాలు, రక్తంలో కాల్షియం తగ్గడం, ట్యూబరస్ స్క్లెరోసిస్ అయితే మూత్రపిండాలు. 22క్యూ ఉన్నవాళ్లలో పెద్దయ్యాక దాదాపు నాలుగో వంతు మందికి స్కిజోఫ్రెనియా లాంటి జబ్బు వస్తుంది కాబట్టి టీనేజీలో ప్రవర్తన మారితే "ఆటిజమేలే" అని వదిలెయ్యకూడదు. ఇవేవీ ఆటిజం అన్న ఒక్క మాటలో కనిపించవు.

ఆటిజం అనే రెండో పేరు రాయించుకోవాలా, వద్దా?

దాంతో మీ బిడ్డకు బడిలో, థెరపీలో అదనపు సాయం దొరికేట్టయితే రాయించుకోండి. ఫైలు మీద సిండ్రోమ్ పేరు ముందు, ఆటిజం తర్వాత ఉండేలా చూడండి. కొత్త టీచర్ ఆటిజం అన్న మాట ఒక్కటే చదివితే తనకు తెలిసిన ఇంకో పిల్లవాడికి చేసిందే మీ వాడికీ చేస్తారు.

ఒక పరిశోధనలో చేరమని అడిగారు. ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

మందు ట్రయల్ అయితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చే గుంపులో పడే అవకాశం ఎంత, ట్రయల్ అయిపోయాక మందు కొనసాగుతుందా, మధ్యలో మానేస్తే ఇప్పుడున్న వైద్యానికి ఏమైనా ఇబ్బందా అని అడగండి. మెరుగుదలను దేంతో కొలుస్తారో తప్పకుండా అడగండి. కళ్లు ఎటు చూస్తున్నాయో పట్టే కెమెరా, మెదడు తరంగాల పరీక్ష లాంటివి ఉంటే మీ ఆశ, మీ అలసట లెక్కలోకి రాకుండా ఉంటాయి. ప్రవర్తన అధ్యయనమైతే పోలికకు ఎవర్ని తీసుకున్నారో అడగండి: అదే వయసు పిల్లల్నా, అదే ఎదుగుదల స్థాయి ఉన్నవాళ్లనా, ఇంకో సిండ్రోమ్ ఉన్నవాళ్లనా? డీఎన్‌ఏ ఇస్తే అది ఎక్కడ దాస్తారు, అనుకోకుండా వేరే జబ్బు బయటపడితే మీకు చెప్తారా లేదా అన్నది సంతకానికి ముందే కాగితం మీద ఉండాలి. పిల్లవాడు మాట్లాడలేకపోయినా, ఆ రోజు అతనికి ఇష్టం లేదని మీకు తెలుస్తుంది. అలాంటి రోజు పరీక్ష ఆపించే హక్కు మీకుంటుందా అని కూడా అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు తడబడితే ఇంకో వారం ఆగండి.